నొప్పి రెండు అంది, రెండు అని రాసేశాను

నువ్వు రాసినదాంట్లో మూడు ప్రశ్నలు ఉన్నాయి. క్లాసులో హోలిస్టిక్ కేర్ అంటే శరీరం, మనసు, కుటుంబం, ఆధ్యాత్మికం అన్నీ చూడాలంటారు, తీరా వార్డులోకి వెళ్తే ఎనిమిది మంది పేషెంట్ల బీపీలు, టెంపరేచర్లు, మందులు, చార్టులతోనే డ్యూటీ అయిపోతోంది, మరి ఎలా అన్నావు. వార్డులో జరిగినదాన్ని వెనక్కి తలచుకుని వారం వారం రాసే రిఫ్లెక్టివ్ జర్నల్ మీద మేడమ్ "ఇంకా లోతుగా రాయాలి" అని రాసి వెనక్కి ఇస్తున్నారన్నావు. పోయిన వారం ఒక పుండుకి డ్రెస్సింగ్ చేస్తుంటే ఆ వాసనకి కడుపులో తిప్పేసింది, మధ్యలో బయటికి వెళ్ళొచ్చాను, అది జర్నల్లో రాయొచ్చా అన్నావు. నర్సింగ్ సెకండియర్ అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నేను ఇరవై ఏళ్ళకు పైగా వార్డుల్లో చేసి ఇప్పుడు స్టూడెంట్ల జర్నళ్ళు దిద్దుతున్నాను, అంటే ఎర్ర పెన్నుతో "లోతుగా" అని రాసే బాపతులో నేనూ ఒకదాన్ని.

ముందు టైము సంగతి. టైము లేదన్నది అబద్ధం కాదు. కాకపోతే హోలిస్టిక్ కేర్ అంటే బీపీ చూశాక, మందులిచ్చాక, చార్టులు రాశాక మిగిలిన టైములో పేషెంట్ పక్కన కూర్చుని నాలుగు మంచిమాటలు చెప్పడం అనుకుంటున్నావు చూడు, తేడా అక్కడ కొడుతోంది. మిగిలిన టైము అనేది నేను పనిచేసిన ఏ వార్డులోనూ లేదు. ఆ కేర్ అంతా ఎలాగూ చేసే పనుల్లోనే దొర్లిపోవాలి. స్పాంజ్ బాత్‌కి పావుగంట పడుతుంది కదా, ఆ పావుగంట ఆ మనిషి ఒళ్ళంతా నీ చేతి కింద ఉంటుంది. వీపు మీద ఎక్కడ ఎర్రబడింది, ఏ చెయ్యి ఎత్తడానికి జంకుతున్నారు, అటు తిరిగితే ఆయాసం వస్తోందా, ఫోన్ మోగితే ముఖం వెలిగిందా మాడిందా, అన్నీ తెలుస్తాయి. నేను రౌండ్‌కి వెళ్ళినప్పుడు ఎక్కువసార్లు చూసేదేంటంటే, ఇద్దరు స్టూడెంట్లు మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, పేషెంట్ మీదుగా వాళ్ళ పరీక్షల గురించి వాళ్ళు మాట్లాడుకుంటూ ఒళ్ళు తుడిచేస్తుంటారు. పావుగంట పోతుంది. ఆ తర్వాత "మాట్లాడటానికి టైము లేదు మేడమ్" అంటారు.

ఒక స్ట్రోక్ పేషెంట్ సంగతి చెప్తాను. పెద్దాయన, మూడు రోజులుగా నోట్స్‌లో "ఆకలి తక్కువ, సగమే తింటున్నారు" అని వస్తోంది. కాలింగ్ బెల్ పెట్టినా నొక్కరు, పక్క తడిసిపోయాక గానీ ఎవరికీ తెలియదు, దాంతో "సహకరించరు" అనే పేరు కూడా పడిపోయింది. అలాంటి పేరు ఒకసారి పడిందంటే, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లని అప్పగించే హ్యాండోవర్‌లో షిఫ్టు షిఫ్టుకీ అదే పాకుతుంది, నీకీపాటికి తెలిసే ఉంటుంది. ఒక ఫస్టియర్ అమ్మాయి ఆయన కంచం తీయడానికి వెళ్ళి, తీయకుండా ఒక్క క్షణం దానివంక చూసింది. కుడివైపు సగం తుడిచినట్టు ఖాళీ, ఎడమవైపు సగం ముట్టుకున్నట్టే లేదు. కంచాన్ని చేత్తో అరచుట్టు తిప్పింది. ఆయన మిగతాదీ తినేశారు. మెదడు కుడిభాగంలో స్ట్రోక్ వచ్చిన కొందరికి ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే ఉండదు, చూపు బాగానే ఉన్నా అటు పట్టదు, నెగ్లెక్ట్ అంటారు దాన్ని, న్యూరో పోస్టింగ్‌లో చూస్తావు. ఇక కాలింగ్ బెల్ ఎక్కడుందనుకున్నావు? ఎడమవైపు రైలింగ్‌కి కట్టి ఉంది. ఆ రోజే కుడివైపుకి మార్చాం, ఎడమవైపు గుర్తుచేస్తూ ఉండే పని ఫిజియో వాళ్ళు మాకందరికీ నేర్పారు. ఆ అమ్మాయి అదనంగా పెట్టిన టైము అర నిమిషం ఉంటుందేమో. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు కూడా. "సగం తిన్నారు" అన్న మాట దగ్గర ఆగి, ఏ సగం అని చూసింది, అంతే.

ఇక నా సొంత నిర్వాకం.

నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు పొట్ట ఆపరేషన్ అయిన ఒకావిడని నాకిచ్చారు. ఆపరేషన్ అయిన రెండో రోజు. నొప్పి కొలిచే స్కేలు పట్టుకుని, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అనుకుంటున్నారమ్మా అని అడిగాను. "రెండు" అంది. రెండు అని రాసేశాను. నాలుగు గంటల తర్వాత మళ్ళీ అడిగాను, మళ్ళీ రెండు. రాసేశాను. నొప్పి మందు వద్దంది, సరే అని "పేషెంట్ నిరాకరించారు" అని అదీ రాశాను. చార్టు చూస్తే వంక పెట్టడానికి లేదు. ఆవిడ మాత్రం మంచం రైలింగ్ మీద చెయ్యి వదలట్లేదు, దగ్గమంటే దగ్గదు, గాలి పైపైనే పీలుస్తోంది, లేచి రెండడుగులు వేయమంటే రేపు అంటోంది. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, చూడలేదని చెప్పలేను. మూడో రోజుకి జ్వరం వచ్చింది, ఆక్సిజన్ తగ్గింది, ఊపిరితిత్తుల అడుగున గాలి ఆడక కఫం పేరుకుని న్యుమోనియా మొదలైంది. సాయంత్రం ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి, స్కేలూ గీలూ ఏమీ తీయకుండా కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నొప్పి మందంటే భయమా అమ్మా?" అంది. అంతే, ఆవిడ భోరుమంది. వాళ్ళాయన తాగుడికి బానిస, పదేళ్ళు ఇంట్లో అదే చూసింది. ఈ ఇంజెక్షన్ కూడా అలాగే పట్టుకుంటుందని, అంకె పెద్దది చెప్తే బలవంతంగా ఇచ్చేస్తారని, అడిగినప్పుడల్లా రెండు అంటోంది. సిస్టర్ డాక్టర్‌ని పిలిచి ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపేస్తారు అన్నీ ఆవిడకే నేరుగా చెప్పించింది. మందు పట్టాక దిండు పొట్టకి హత్తుకుని దగ్గడం దగ్గరుండి చేయించింది. ఆవిడ కోలుకుంది, కాకపోతే ఇంటికి వెళ్ళాల్సిన రోజు దాటిపోయి ఇంకో వారం పట్టింది.

ఇందులో శరీరం ఏది, మనసు ఏది, కుటుంబం ఏది, విడదీసి చూపించు. భర్త తాగుడు తిరిగి తిరిగి భార్య ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. మీ కేర్ ప్లాన్ ఫారంలో శారీరకం, మానసికం, సామాజికం, ఆధ్యాత్మికం అని నాలుగు గడులు ఉంటాయి, స్టూడెంట్లు మొదటి గడి నిండా రాసి మిగతా మూడిట్లో "భయంగా ఉన్నారు", "కుటుంబ సహకారం ఉంది", "దేవుణ్ణి నమ్ముతారు" అని తలా ఒక ముక్క పడేస్తారు. గడులు రాసుకోవడానికి బాగుంటాయి గానీ మనిషి అలా గడులుగా ఉండడు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే డాక్టర్ జబ్బుని శరీరం, మనసు, సమాజం మూడూ కలిపి చూడాలని వాదించింది ఇందుకే. సిసిలీ సాండర్స్ పేరు మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది, 1967లో లండన్‌లో, నయం కాని జబ్బులతో చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన ఆవిడ. ముందు నర్సు, తర్వాత ఆసుపత్రిలో సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టర్ అయింది. క్యాన్సర్ పేషెంట్ల నొప్పిలో ఒంటి బాధతో పాటు దిగులు, ఇంటి సమస్యలు, నాకే ఎందుకిలా అనే ప్రశ్న అన్నీ కలిసే ఉంటాయని, దానికి "టోటల్ పెయిన్" అని పేరు పెట్టింది. మూడు ఉద్యోగాలూ చేసిన మనిషికి అలా కనిపించడంలో వింత లేదు అనిపిస్తుంది నాకు.

మార్గో మెకాఫరీ అనే నర్సు 1968లో చెప్పిన మాట ఇంకొకటి ఉంది, నొప్పి అనుభవిస్తున్న మనిషి ఏది నొప్పి అంటే అదే నొప్పి, ఉంది అన్నప్పుడు ఉన్నట్టే అని. చాలా గొప్ప మాట, పేషెంట్లు నటిస్తున్నారని కొట్టిపారేసే రోజుల్లో వచ్చింది. నేను చేసిందేంటంటే ఆ మాటని అడ్డం పెట్టుకున్నాను. "పేషెంట్ చెప్పిందే కదా రాశాను!" అంకెని నమ్మాను, రైలింగ్ పట్టుకున్న చేతిని నమ్మలేదు.

అడగడం ఎలా అంటావా. మొదట నీ పేరు చెప్పు. కేట్ గ్రేంజర్ అని ఇంగ్లాండ్‌లో ఒక డాక్టర్, ఆవిడకే క్యాన్సర్ వచ్చి 2013లో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, తన దగ్గరికొచ్చే సిబ్బందిలో చాలామంది పేరు కూడా చెప్పకుండా పని కానిచ్చేస్తున్నారని గమనించి "హలో, మై నేమ్ ఈజ్" అని ఒక ఉద్యమమే నడిపింది. పేరు చెప్పడం పట్టుమని మూడు సెకన్ల పని. తర్వాత ఒక్క ప్రశ్న అడుగు: "ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్నది ఏంటి?" అడిగి నోరు మూసుకో. కష్టమంతా ఈ రెండో దాంట్లోనే ఉంది. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు, డాక్టర్ల దగ్గర జరిగే సంభాషణలు రికార్డు చేసి చూస్తే, పేషెంట్ తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నట్టు తేలింది. డాక్టర్లని ఆడిపోసుకోవడానికి చెప్పట్లేదు, మనం ఇంకా ముందే అడ్డుపడతాం, పైగా థర్మామీటర్ నోట్లో పెట్టి మరీ ప్రశ్నలడుగుతాం. ఇంకోటి, నిలబడకు, వీలైతే కూర్చో, అదీ పేషెంట్‌కి మెడ తిప్పక్కర్లేకుండా కనిపించే చోట. ఇది నా కనిపెట్టుడు కాదు, ఫ్లోరెన్స్ నైటింగేల్ నూట అరవై ఏళ్ళ కిందటే రాసిన సలహా. పక్కనున్న బంధువుని "రాత్రి నిద్రపోయారా ఈయన?" అని అడగడం కూడా మానెయ్, నోరున్న మనిషి మంచం మీద ఉండగా.

పేషెంట్ సెంటర్డ్ కేర్, అంటే పేషెంట్‌ని మధ్యలో పెట్టుకుని చేసే కేర్ అంటే, పేషెంట్ ఏమంటే దానికల్లా తలూపడం అని కొందరు అనుకుంటారు. కాదు. పక్కకి తిప్పనివ్వను అన్నారనుకో, "సరే అండీ" అని వెళ్ళిపోతే కదలకుండా పడుకున్నచోట ఒరుసుకుని పుండు, అదే బెడ్ సోర్ వస్తుంది, గొడవపడి తిప్పేస్తే ఇంకోసారి నిన్ను దగ్గరికి రానివ్వరు. ఎందుకు వద్దంటున్నారో అడిగితే తుంటి దగ్గర నొక్కుకుంటోందనో, అటు తిరిగితే తలుపు కనిపించదు, మా అబ్బాయి వచ్చేది తెలియదనో చెప్తారు. అప్పుడు పూర్తిగా పక్కకి కాకుండా వెనకాల దిండు పెట్టి ముప్ఫై డిగ్రీలు వంచొచ్చు, నొప్పి మందు పనిచేసే టైముకి తిప్పొచ్చు. అన్నీ అర్థమయ్యాక కూడా వద్దంటే, స్పృహలో ఉన్న మనిషికి ఆ హక్కుంది. ఏం చెప్పావో, ఏమన్నారో రాసి ఇన్‌చార్జికి చెప్పు.

ఒక హెచ్చరిక కూడా. ఇలా అడగడం మొదలుపెడితే మనుషులు చెప్తారు, నువ్వు మోయలేనివి కూడా చెప్తారు. "ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే ఇవ్వకు. "మీ ఆరోగ్యానికి సంబంధించిందైతే సిస్టర్‌కి చెప్పాల్సి ఉంటుంది" అని ముందే అను. బతకాలని లేదు అన్న మాట వినపడితే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఇన్‌చార్జిని పిలిపించు, డ్యూటీ అయ్యాక చెబ్దాంలే అనుకోకు. కౌన్సెలింగ్ నీ పని కాదు. విన్నది సరైన మనిషికి చేరవేయడం నీ పని. నా కేసులో భర్త తాగుడు సంగతి సిస్టర్ తన దగ్గరే ఉంచుకుని ఉంటే నైట్ డ్యూటీ వాళ్ళు మళ్ళీ స్కేలు పట్టుకుని వెళ్ళి, రెండు అని రాసుకుని వచ్చేవాళ్ళు.

ఇప్పుడు జర్నల్. నాకు వచ్చే జర్నళ్ళలో ఎక్కువ ఇలా ఉంటాయి: "ఈ రోజు నేను ఆపరేషన్ అయిన పేషెంట్‌కి కేర్ ఇచ్చాను. కమ్యూనికేషన్ ఎంత ముఖ్యమో తెలుసుకున్నాను. ఇకముందు ఇంకా బాగా చేస్తాను." ఇందులో పేషెంట్ ఏడీ? నువ్వెక్కడ? నేను చెప్పే పరీక్ష ఒకటే: వార్డుకి వెళ్ళకుండా హాస్టల్లో కూర్చుని కూడా రాయగలిగే వాక్యం ఏదైనా ఉంటే కొట్టెయ్. పైన మూడు వాక్యాలూ పోతాయి.

గిబ్స్ సైకిల్ ప్రకారం రాయమని చెప్పి ఉంటారు, 1988 నాటిది, ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్ళీ వస్తే ఏం చేస్తాను అని ఆరు మెట్లు. మెట్లు మంచివే. కాకపోతే అందరూ మొదటి మెట్టు మీదే కూర్చుని పేజీన్నర రాసేస్తారు, "ఏమనిపించింది" దగ్గరికొచ్చేసరికి "బాధ కలిగింది" అని ఒక ముక్క, నాలుగో మెట్టు దాటేస్తారు. తిరగెయ్. జరిగింది ఐదు లైన్లలో చెప్పేసి, నాలుగో మెట్టు మీద ఎక్కువసేపు ఉండు. అక్కడ "ఎందుకు" అని ఒకసారి అడిగితే మర్యాదైన జవాబు వస్తుంది, ఇంకోసారి అడిగితే అసలుది వస్తుంది. నొప్పి రెండు అంటే ఎందుకు నమ్మాను? పేషెంట్ మాటకి విలువివ్వాలి కాబట్టి. సరే, మరి చేతిని చూసి కూడా ఎందుకు నమ్మాను? ఎందుకంటే రెండు అన్న అంకె నాకు పని తగ్గించింది. ఎనిమిది అని ఉంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ అంటే నాకు హడల్. ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది, రాశాక గానీ తెలియలేదు నాకున్న లోటు నొప్పి గురించిన పరిజ్ఞానంలో కాదు, ఫోన్ ఎత్తడంలో ఉందని. మనం ఏం చూస్తామో, ఏం చూసీ వదిలేస్తామో చాలాసార్లు మన సౌకర్యమే తేలుస్తుంది. మీ మేడమ్ లోతు అనేది దీన్నే అని నా ఉద్దేశం.

దీనికి రెండోవైపు కూడా ఉంది. కొందరు పేజీ నిండా "నేను చెడ్డ నర్సుని, నాకు ఈ వృత్తి తగదు" అని రాస్తారు. అది కూడా తప్పించుకోవడమే, ఎందుకంటే మొత్తంగా చెడ్డదాన్ని అనేసుకున్నాక ఫలానా చోట ఫలానాది మార్చుకోవాలి అనే పని ఉండదు కదా. ఆరో మెట్టు మీద "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అని రాస్తే నేను సున్నా వేస్తాను. "అంకె అడిగే ముందు ఒకసారి దగ్గమని, ముఖం చూసి, ఆ తర్వాత అడుగుతాను" అని రాస్తే అది పక్కనుండి చూసేవాళ్ళకి కూడా కనిపించే పని. డొనాల్డ్ షోన్ అనే పరిశోధకుడు 1983లో, పని అయ్యాక వెనక్కి చూసుకోవడం వేరు, పని చేస్తూ చేస్తూనే ఆలోచించి చెయ్యి మార్చుకోవడం వేరు అన్నాడు. కంచం తిప్పిన అమ్మాయిది రెండోది. మొదటిది కాగితం మీద చాలాసార్లు చేస్తేనే అది వస్తుందని నా అనుభవం. అన్నట్టు, నిజంగా మందు పొరపాటో ఇంకేదో జరిగితే ముందు ఇన్‌చార్జికి చెప్పి ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి, జర్నల్లో పశ్చాత్తాపపడితే లెక్కలోకి రాదు.

ఇక వాసన. రాయొచ్చా ఏంటి, అదే రాయి. నాకూ తిప్పింది, మా సిస్టర్లకీ తిప్పింది, తిప్పదని చెప్పేవాళ్ళు మర్చిపోయి ఉంటారు. కడుపులో తిప్పడం తప్పు కాదు, అది నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నది ఆ తర్వాతి అర నిమిషం. మాస్క్ ముక్కునీ నోటినీ కప్పుతుంది గానీ కనుబొమల్ని కప్పదు, పేషెంట్ చూసేది వాటినే. నువ్వు మధ్యలో బయటికి వెళ్ళొచ్చానన్నావు కదా, అప్పుడు పుండు తెరిచే ఉందా? ఆయన ఎటు చూస్తున్నాడు? నువ్వు తిరిగొచ్చాక ఏమైనా అన్నాడా? ఇలాంటివాళ్ళు "వాసన వస్తోందా సిస్టర్?" అని అడుగుతారు. "అబ్బే, ఏమీ లేదు" అనకు, ఆయనకి ముక్కుంది. "కొంచెం ఉంది, డ్రెస్సింగ్ మార్చాక తగ్గుతుంది" అను. ఆ ప్రశ్న వెనకాల ఏముందో కూడా చూడు, ఆ వాసన వల్లే చూడటానికి ఎవర్నీ రావొద్దని ఇంట్లో చెప్పేసి ఉండొచ్చు, మనవణ్ణి దగ్గరికి పిలవట్లేదేమో. వాసనకి చెయ్యగలిగినవి ఉన్నాయి, మెట్రోనిడజోల్ జెల్ ఉంది, కార్బన్ ఉన్న డ్రెస్సింగులున్నాయి, డాక్టర్‌ని అడగాలి, అడగాలంటే ఎవరో ఒకరు వాసన ఉందని పైకి అనాలి. వచ్చేసారి సామాను మొత్తం ట్రేలో సర్దుకున్నాకే కట్టు విప్పు, మధ్యలో కత్తెర కోసం పరిగెత్తేలా ఉండకూడదు. నోటితో గాలి పీల్చు, మరీ తట్టుకోలేకపోతే పుండు మీద శుభ్రమైన గాజ్ గుడ్డ కప్పి, "ఒక్క నిమిషం, వచ్చేస్తాను" అని చెప్పి వెళ్ళు. చెప్పకుండా మాత్రం వెళ్ళకు.

ఈ వారం జర్నల్‌ని "నాకు కడుపులో తిప్పింది" అన్న వాక్యంతోనే మొదలుపెట్టి, నువ్వు బయట ఉన్న ఆ రెండు నిమిషాలు ఆయన ఏం చేస్తూ ఉండుంటాడో రాయి. తెలియకపోతే రేపు డ్యూటీకి వెళ్ళినప్పుడు ఆయన్నే అడుగు. పేరు, బెడ్ నంబర్, ఆసుపత్రి నంబర్ మాత్రం రాయకు, ఆ పేజీని ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టకు.